కత్తెర పట్టిన విప్లవం

1925 డిసెంబరు 21. మాస్కోలోని బొల్షోయ్ థియేటర్ కిక్కిరిసిపోయింది. తెర మీద సినిమా నడుస్తోంది కానీ, సినిమా ఇంకా పూర్తి కాలేదు! ఆఖరి రీలు ఎడిటింగ్ బల్ల మీదే ఉంది. ఒక్కో రీలూ సిద్ధమవుతుంటే సహాయ దర్శకుడు గ్రిగొరి అలెగ్జాండ్రోవ్ మోటార్‌సైకిల్ మీద థియేటర్‌కు చేరవేశాడు. చివరి రీల్లో కొన్ని ముక్కలను అతికించే వ్యవధి కూడా లేక ఉమ్మితో అంటించి పంపేశారనీ, ప్రొజెక్టర్‌లో అవి ఊడకుండా ఎలా నడిచాయో తమకే అంతు చిక్కలేదనీ ఆ తర్వాత ఆ బృందం చెప్పుకునేది.

ఆ సినిమా ‘బ్యాటిల్‌షిప్ పొటెంకిన్’. దర్శకుడు సెర్గేయ్ ఐజెన్‌స్టీన్‌కు అప్పటికి ఇరవయ్యేడేళ్లు. ఆ రాత్రికి నూరేళ్లు నిండాయి.

సోవియట్ రాజకీయ సినిమా అనగానే మనకు ఎర్రజెండాలు, బిగించిన పిడికిళ్లు, పొగగొట్టాలు కళ్ల ముందు మెదులుతాయి. జెండాలు చూపించిన సినిమాలు అన్ని దేశాల్లోనూ ఉన్నాయి. ఆ తరం ప్రపంచానికి ఇచ్చింది మరొకటి. అది కత్తెర. మన దగ్గర సినిమా మాటల్లో కత్తెర అంటే సెన్సారు. వాళ్లకు అది కలం, కుంచె, సమ్మెట. పదేళ్లు తిరగకముందే ఆ కత్తెర చెయ్యి మారింది. సినిమాను సృష్టించిన పనిముట్టే సినిమాను నరికింది. ఆ రెండు చేతుల కథ ఇది.

ఫిల్ము లేని రోజుల్లో

1919 ఆగస్టు 27న లెనిన్ సంతకంతో రష్యన్ సినిమా పరిశ్రమ జాతీయమైంది. అప్పటికి అందులో మిగిలింది తక్కువే. నిర్మాతలు, తారలు కెమెరాలతో సహా దక్షిణానికి, అక్కడి నుంచి విదేశాలకు తరలిపోయారు. ఒకవైపు అంతర్యుద్ధం, ఇంకోవైపు ఆకలి. ముడిఫిల్ము బయటి దేశాల నుంచే రావాలి, ఆ దారులేమో మూసుకుపోయాయి. సరిగ్గా ఆ ఏడాదే మాస్కోలో ప్రభుత్వం సినిమా బడి తెరిచింది. ఇవాళ ప్రపంచంలోకెల్లా పాత సినిమా పాఠశాల అదే.

అక్కడ పాఠం చెప్పిన లెవ్ కులెషోవ్‌కు ఇరవై దాటి ఎంతో కాలం కాలేదు. ఫిల్ము లేదు కాబట్టి విద్యార్థులు ‘ఫిల్ము లేని సినిమాలు’ ఆడారు. కథను షాట్లుగా విడగొట్టుకుని వేదిక మీదే నటించేవారు. చేతికి దొరికిన పాత ప్రింట్లను విప్పి, ముక్కలు చేసి, వరస మార్చి మళ్లీ అతికేవారు. అమెరికా నుంచి వచ్చిన గ్రిఫిత్ సినిమా ‘ఇన్‌టాలరెన్స్’ వాళ్లకు పాఠ్యపుస్తకమైంది.

సినిమా చదువుకున్న వాళ్లందరికీ తెలిసిన ‘కులెషోవ్ ప్రయోగం’ ఆ గదుల్లోంచి వచ్చిందే. ఇవాన్ మొజ్జుఖిన్ అనే తార ముఖం, ఏ భావమూ లేనిది, పాత సినిమా ముక్కలోంచి తీసుకున్నారు. దాని పక్కన ఒకసారి సూపు గిన్నె, ఇంకోసారి శవపేటికలో స్త్రీ, మరోసారి ఆడుకుంటున్న పాప. చూసిన వాళ్లు ఆకలిని, దుఃఖాన్ని, వాత్సల్యాన్ని ఎంత బాగా పలికించాడో అని నటుణ్ని మెచ్చుకున్నారట. ముఖం మూడుసార్లూ ఒక్కటే. అసలు మొజ్జుఖిన్ దేశం విడిచి పారిస్ చేరుకున్నాడు, రష్యాలో మిగిలింది అతని ముఖమున్న ఫిల్ము ముక్క మాత్రమే. ఆ ప్రయోగం తాలూకు ఫిల్ము కూడా ఇవాళ లేదు. శిష్యుడు పుదోవ్కిన్ రాసిపెట్టిన మాటలే ప్రధాన సాక్ష్యం.

పేదరికం ఆ పిల్లలకు నేర్పిన పాఠం ఇది: అర్థం షాటులో లేదు, రెండు షాట్ల నడుమ ఉంది.

కన్ను పక్కన నీరు

ఐజెన్‌స్టీన్ రీగా నగరంలో పుట్టాడు. తండ్రి అక్కడ పేరున్న వాస్తుశిల్పి. కొడుకు సివిల్ ఇంజినీరింగ్ చదువు సగంలో వదిలి ఎర్రసైన్యంలో చేరితే, తండ్రి అవతలి పక్షం వైపు వెళ్లాడు. సైన్యంలో ఉండగానే కొడుకుకు జపాన్ లిపి మీద మక్కువ పుట్టింది. ఆ లిపిలో కన్ను గుర్తు పక్కన నీటి గుర్తు రాస్తే ఏడుపు అని అర్థం. కన్ను ఒక వస్తువు, నీరు ఒక వస్తువు. రెండూ కలిస్తే పుట్టేది వస్తువు కాదు, భావం. 1929లో రాసిన వ్యాసంలో ఆయన సినిమా ఎడిటింగ్‌ను వివరించడానికి ఈ లిపినే ఉదాహరణగా తీసుకున్నాడు.

ఇది చదివినప్పుడల్లా నాకు తెలుగే గుర్తొస్తుంది. కన్ను, నీరు కలిస్తే మనకూ కన్నీరే. ఆయన సిద్ధాంతమంతా మన భాషలో ఒక్క మాటలో ఇమిడిపోయింది.

దీని మీద ఆయనకూ పుదోవ్కిన్‌కూ పెద్ద వాదం నడిచింది. షాట్లను ఇటుక మీద ఇటుకలా పేర్చి కథ కట్టాలన్నాడు పుదోవ్కిన్. రెండు షాట్లు ఢీకొనాలి, ఆ రాపిడిలోంచి ఆలోచన పుట్టాలన్నాడు ఐజెన్‌స్టీన్.

‘పొటెంకిన్’లో ఒక పళ్లెం ఉంది. 1905లో నల్లసముద్రం మీద జారు చక్రవర్తి యుద్ధనౌకలో నావికులకు పురుగులు పట్టిన మాంసం పెట్టారు. ఓడ వైద్యుడు ముక్కు కళ్లద్దాలు తీసి, మడిచి, భూతద్దంలా పట్టుకుని మాంసాన్ని చూస్తాడు. లుకలుకలాడుతున్న పురుగులు మనకు కనిపిస్తుంటాయి. ఇవి పురుగులు కావని ఆయన తేలుస్తాడు. తర్వాత ఒక యువ నావికుడు అధికారుల పళ్లెం కడుగుతుంటాడు. దాని అంచున ఈ పూట రొట్టె ఇమ్మని దేవుణ్ని వేడుకునే ప్రార్థన రాసి ఉంటుంది. అది చదివిన నావికుడి ముఖం మారుతుంది, పళ్లెం ఎత్తి బల్లకేసి కొడతాడు. కొట్టడానికి క్షణం చాలు. ఐజెన్‌స్టీన్ ఆ క్షణాన్ని ముక్కలు ముక్కలు చేసి చూపిస్తాడు. చెయ్యి ఒక వైపు నుంచి లేస్తుంది, ఇంకో వైపు నుంచి మళ్లీ లేస్తుంది, భుజం తిరుగుతుంది, పళ్లెం దిగుతుంది. తిరుగుబాటు ఇంకా మొదలు కాలేదు, అయినా మన ఒంట్లో మొదలైపోతుంది. తర్వాత ఆ వైద్యుణ్ని సముద్రంలోకి విసిరేసినప్పుడు ఓడ తాడుకు చిక్కుకుని ఊగుతూ అతని కళ్లద్దాలు మాత్రం కనిపిస్తాయి. ఒక మనిషి, అతని అబద్ధం, అతని అంతం అన్నీ ఆ చిన్న గాజులో ఉన్నాయి.

నూట తొంభై రెండు మెట్లు

ఇక ఒడెస్సా మెట్లు. ఊరి నుంచి రేవుకు దిగే ఆ మెట్లు 1841 నాటికి కట్టడం పూర్తయ్యాయి. ఇవాళ ఉన్నవి 192. పైకంటే కింద వెడల్పు ఎక్కువ. పై నుంచి చూస్తే మధ్య మధ్య ఉన్న చదునులే కనిపిస్తాయి, కింది నుంచి చూస్తే మెట్లే కనిపిస్తాయి. కట్టిన వాళ్లే కంటికి మాయ చేశారు. ఛాయాగ్రాహకుడు ఎడ్వర్డ్ టిస్సే, ఐజెన్‌స్టీన్ ఆ మాయను పదింతలు చేశారు.

ఈ వ్యాసం కోసం ఆ ఆరేడు నిమిషాలను శబ్దం ఆపేసి మళ్లీ చూశాను. నావికులకు చేతులూపుతున్న జనం, గొడుగులు, నవ్వులు. హఠాత్తుగా పరుగు. పై నుంచి తెల్లచొక్కాల సైనికులు వరసగా దిగుతుంటారు. వాళ్ల ముఖాలు చూపించడు. బూట్లు, తుపాకులు, మెట్ల మీద పొడవాటి నీడలు, అంతే. కింద జనానికి మాత్రం ముఖాలున్నాయి. పగిలిన కళ్లద్దాల ముసలావిడ, కాళ్లు లేని యువకుడు, గాయపడ్డ కొడుకును చేతుల మీద ఎత్తుకుని అందరూ దిగుతుంటే ఒంటరిగా పైకెక్కుతున్న తల్లి. ఆమె ఎక్కే దిశ, సైనికులు దిగే దిశ ఎదురెదురు. ఆమె మీద వాళ్ల నీడలు పడతాయి. తర్వాత తల్లి చేతిలోంచి జారిన పసివాడి బండి, ఒక్కో మెట్టూ దిగుతూ.

లెక్క చూస్తే ఆ సైనికులు అక్కడ ఉన్నవాటి కంటే చాలా ఎక్కువ మెట్లే దిగుతారు. కాలాన్ని సాగదీశాడు. భయపడినప్పుడు కాలం అలాగే సాగుతుందని మనకు అనుభవమే. మొత్తం సినిమాలో 1300కు పైగా షాట్లున్నాయి, ఆ రోజుల్లో అది కనీవినీ ఎరగని సంఖ్య. చివర్లో ఓడ మీద ఎగిరే జెండాకు ఫ్రేము ఫ్రేముకూ చేత్తో ఎరుపు అద్దారు. నలుపు తెలుపు తెర మీద ఒక్కసారిగా ఎరుపు లేచేసరికి బొల్షోయ్‌లో కూర్చున్న వాళ్లకు ఏమనిపించి ఉంటుందో ఊహించుకోవచ్చు.

అయితే ఒక నిజం చెప్పుకోవాలి. 1905లో ఒడెస్సాలో కాల్పులు జరిగాయి, జనం చచ్చిపోయారు. కానీ ఆ మెట్ల మీద తెర మీద చూసినటువంటి ఊచకోత జరగలేదు. అది ఐజెన్‌స్టీన్ కల్పన. అసలు పొటెంకిన్ నావికులు కొన్ని రోజులకే రుమేనియా రేవుకు వెళ్లి లొంగిపోయారు, సినిమా అంతకుముందే విజయం దగ్గర ఆగిపోతుంది. 1928 నాటి ‘అక్టోబర్’లో విప్లవం నాటి రాత్రి శీతాకాల ప్రాసాదం మీదికి జనసముద్రం దూకినట్టు తీశాడు, అసలు రాత్రి అంత జనం లేరు. ఆ సినిమా దృశ్యాలే తర్వాత పుస్తకాల్లో చరిత్ర ఫొటోలుగా అచ్చయ్యాయి. నా దృష్టిలో మెట్ల కల్పన క్షమించదగ్గది, ఎందుకంటే జారు తుపాకుల క్రూరత్వం నిజం. ‘అక్టోబర్’ కల్పన వేరు. అధికారంలోకి వచ్చిన పక్షం తన పుట్టుక కథను తానే పెంచి చెప్పుకోవడం అది.

పొటెంకిన్ బలం శత్రువులకూ తెలిసింది. బ్రిటన్ దాన్ని 1954 దాకా నిషేధించింది. నాజీ ప్రచారమంత్రి గోబెల్స్ 1933లో దాన్ని మెచ్చుకుని, మనకూ ఇలాంటి సినిమా కావాలన్నాడు. ఐజెన్‌స్టీన్ బహిరంగ లేఖతో ఆయన్ను చీల్చి చెండాడాడు. కత్తెర ఎవరి చేతిలోనైనా తెగుతుందన్న హెచ్చరిక అందులో ఉంది.

బల్ల ముందు కూర్చున్న స్త్రీలు

ఈ చరిత్ర చెప్పేటప్పుడు ఇద్దరు స్త్రీల పేర్లు తరచూ జారిపోతాయి. అది సరి చేయాలి.

ఎస్ఫిర్ షుబ్ 1927లో ‘రొమనోవ్ వంశ పతనం’ తీసింది. తీసింది అనడం కంటే ఏరింది అనాలి. రాజకుటుంబం తమ కోసం తీయించుకున్న ఫిల్ముల నుంచి, పాత వార్తాచిత్రాల నుంచి దాదాపు 60 వేల మీటర్లు చూసి అందులోంచి సినిమా కట్టింది. ఓడ మీద దొరలు, దొరసానులు చెమట పట్టేలా నాట్యమాడతారు. మరుక్షణం చెమటోడుస్తూ మట్టి తవ్వుతున్న కూలీలు. చక్రవర్తి ముచ్చటపడి తీయించుకున్న ఫిల్ము ఆ ఒక్క కోతతో ఆయన మీదే నేరారోపణ అయింది.

రెండో ఆవిడ ఎలిజవేతా స్విలోవా. భర్త జీగా వెర్తోవ్. నటులు వద్దు, కథ వద్దు, కెమెరా కన్ను మనిషి కన్ను చూడలేనిది చూడాలన్నది వెర్తోవ్ పట్టుదల. 1922 నుంచి 1925 వరకు ‘కినో ప్రావ్దా’ పేరుతో 23 సంచికల వార్తాచిత్రాలు తెచ్చాడు. మాస్కోలో పని పోయాక ఉక్రెయిన్ స్టూడియో ఆదరించింది. 1929లో అక్కడి నుంచి వచ్చిందే ‘మ్యాన్ విత్ ఎ మూవీ కెమెరా’. తమ్ముడు మిఖయీల్ కాఫ్‌మన్ కెమెరా భుజాన వేసుకుని కీవ్, ఖార్కివ్, ఒడెస్సా, మాస్కో వీధుల్లో తిరిగాడు. సుమారు 1775 షాట్లు, మధ్యలో ఒక్క రాతపలక కూడా లేదు.

ఆ సినిమాలో గుర్రబ్బండి పరుగు తీస్తుంటుంది. ఒక్కసారిగా గుర్రం గాల్లో ఆగిపోతుంది. తర్వాత ఒక వృద్ధురాలి ముఖం, పిల్లల ముఖాలు, అన్నీ నిశ్చలం. ఆ తర్వాత ఫిల్ము చుట్ట, దానిమీద అవే బొమ్మలు, గళ్ల అంచులతో సహా. అప్పుడు కనిపిస్తుంది స్విలోవా. బల్ల ముందు కూర్చుని, కింది నుంచి వచ్చే వెలుగులో ముక్కను ఎత్తి చూసి, కత్తెరతో కత్తిరించి, అంటించి చుడుతుంది. మరుక్షణం ఆ పిల్లవాడి ముఖం కదిలి నవ్వుతుంది. బొమ్మకు ప్రాణం ఎక్కడ పోస్తారో ఇంత సూటిగా చూపించిన సినిమా నేను మరోటి చూడలేదు. కార్మికురాలు మిల్లులో దారం అతికినట్టే ఈమె ఫిల్ము అతుకుతోంది, రెండూ శ్రమే. విప్లవం చెప్పిన సమానత్వం ఆ రెండు చేతుల మధ్య నిజంగా కనిపిస్తుంది. చివర్లో బొల్షోయ్ థియేటర్ నట్టనడుమ చీలి రెండు సగాలూ లోపలికి మడత పడిపోతాయి. పాత కళ కూలిందని ఒక్క బొమ్మలో ప్రకటించాడు.

ఆనాడు గందరగోళం అన్నారు. 2014లో బ్రిటిష్ పత్రిక ‘సైట్ అండ్ సౌండ్’ జరిపిన ఓటింగులో అన్ని కాలాల్లోకీ గొప్ప డాక్యుమెంటరీగా అదే నిలిచింది. స్విలోవా నాజీ అకృత్యాల ఫిల్మును కూర్చింది, అది న్యూరెంబర్గ్ విచారణలో సాక్ష్యంగా నిలబడింది. 1954లో భర్త చనిపోయాక ఆయన కాగితాలను ఒక్కొక్కటీ భద్రపరిచిందీ ఆమే.

పొలం, రైలు

అలెగ్జాండర్ దోవ్‌జెంకో ఉక్రెయిన్ రైతుబిడ్డ. 1930లో ‘భూమి’ తీశాడు. ఊరికి ట్రాక్టర్ వస్తుంది. నీళ్లు లేక ఆగిపోతే రైతులు రేడియేటర్‌లో మూత్రం పోసి నడిపిస్తారు. సమష్టి సేద్యం కోసం నిలబడ్డ వాసిల్ వెన్నెల రాత్రి ఇంటికి నడుస్తూ, పట్టలేని సంతోషంతో దుమ్ము రేపుతూ ఒంటరిగా నాట్యం చేస్తాడు. ఉన్నట్టుండి కుప్పకూలతాడు. తూటా శబ్దం లేని మూకీ సినిమాలో ఒక గుర్రం తలెత్తి చూడడమే ఆ చావు కబురు. అధికార పత్రికలు విరుచుకుపడ్డాయి, కొన్ని దృశ్యాలు కత్తిరించారు. దోవ్‌జెంకో కలగన్న ఆ సమష్టి సేద్యాన్ని బలవంతంగా రుద్దిన ఫలితంగా 1932-33లో అదే ఉక్రెయిన్ పల్లెల్లో లక్షలాది మంది ఆకలితో చచ్చిపోయారు. ‘భూమి’లో వర్షానికి తడిసిన ఆపిల్ పళ్లను చూస్తున్నప్పుడు ఆ సంగతి తెలిసి చూడడం మన బాధ్యత.

అలెగ్జాండర్ మెద్వెద్‌కిన్ కథ చాలామందికి తెలియదు. 1932లో ఆయన ఒక రైల్లో స్టూడియో పెట్టాడు. మూడు పెట్టెలు, 32 మంది, 294 రోజుల ప్రయాణం. ల్యాబు, ఎడిటింగ్ బల్ల, ప్రొజెక్టర్ అన్నీ అందులోనే. గనుల్లో, కర్మాగారాల్లో లోపాలను పగలు చిత్రీకరించడం, రాత్రి కడిగి కూర్చడం, మర్నాడు అదే కార్మికులకు చూపించి ఇదేమిటని అడగడం. సినిమా చూశాక చర్చ జరగాలి, తప్పు దిద్దాలి. రాజకీయ సినిమా ఇంతకంటే జనానికి దగ్గరగా వెళ్లిన సందర్భం నాకు తెలీదు. ఆ రైలు సినిమాలు దశాబ్దాల పాటు పోయాయనే అనుకున్నారు, తర్వాత కొన్ని దొరికాయి.

చెయ్యి మారిన కత్తెర

1934లో సోషలిస్టు వాస్తవికత అధికారిక సిద్ధాంతమైంది. అందరికీ తేలిగ్గా అర్థమయ్యే వీరగాథలే తీయాలి, ప్రయోగానికి ‘రూపవాదం’ అని నిందముద్ర. ‘అక్టోబర్’ నుంచి, అధికారం పోయిన నాయకుడు ట్రాట్‌స్కీ దృశ్యాలను తీసివేయించిన రోజే దీనికి నాంది పడింది. వెర్తోవ్‌ను క్రమంగా మూలన కూర్చోబెట్టారు. ఐజెన్‌స్టీన్ ‘బెజిన్ మెడో’ను 1937లో ఆపేయించారు, ఫిల్ము నాశనమైంది. ఆపించిన సినిమా శాఖాధిపతి షుమ్యాట్‌స్కీని మరుసటేడు కాల్చి చంపారు. ‘ఇవాన్ ది టెరిబుల్’ రెండో భాగం 1946లో సిద్ధమైతే 1958 దాకా తెరకు రానివ్వలేదు. దర్శకుడు 1948లోనే, యాభై ఏళ్లకే, గుండె ఆగి పోయాడు.

‘బెజిన్ మెడో’ నుంచి కొంత మిగిలింది. షాట్ల కొసల నుంచి కత్తిరించిన చిన్న ముక్కలను ఐజెన్‌స్టీన్ భార్య పేరా అతాషెవా దాచిపెట్టింది. 1960ల్లో ఆ నిశ్చల చిత్రాలనే వరసపెట్టి, ప్రొకోఫియెవ్ సంగీతం జోడించి, అరగంటకు పైబడిన రూపం ఇచ్చారు. ప్రభుత్వ కత్తెరకు చిక్కనిది ఎడిటర్ కత్తెర విదిల్చిన ముక్కల్లో బతికింది.

కత్తెరను పూర్తిగా పక్కనపెట్టిన వాళ్లూ తర్వాత వచ్చారు. 1964లో దర్శకుడు కలతోజోవ్, ఛాయాగ్రాహకుడు ఉరుసెవ్‌స్కీ క్యూబాలో తీసిన ‘ఐ యామ్ క్యూబా’లో ఒక విద్యార్థి శవయాత్ర ఉంది. కెమెరా వీధిలోంచి మేడ పైకి లేచి, చుట్టలు చుట్టే కార్మికుల గదిలోంచి సాగి, కిటికీ దాటి, జనసముద్రం మీద గాల్లో తేలుతూ పోతుంది. ఒక్క కోత లేదు. రెండు దేశాల్లోనూ ఆదరణ దక్కక మూలపడిన ఆ సినిమాను 1990ల్లో హాలీవుడ్ దర్శకులు స్కోర్సెసీ, కొప్పోలా లోకానికి మళ్లీ పరిచయం చేశారు.

మన వైపు

గోర్కీ ‘అమ్మ’ను క్రొవ్విడి లింగరాజు తెలుగు చేశాక ఆంధ్రదేశంలో ఆ పుస్తకం చదవని అభ్యుదయవాది అరుదు. పుదోవ్కిన్ 1926లో అదే నవలను తెరకెక్కించాడు. జైల్లో ఉన్న కొడుకుకు విడుదల కబురు అందినప్పుడు అతని ముఖాన్ని చూపించి ఊరుకోలేదు. వసంతంలో కరిగి పారే వాగు, నీళ్లలో తపతపలాడే పిట్టలు, నవ్వుతున్న పాపను పక్కన పెట్టాడు. ఆ పుదోవ్కిన్ 1951లో మన దేశం వచ్చాడు. కలకత్తాలో నిమాయ్ ఘోష్ తీసిన ‘ఛిన్నమూల్’ ఆయనకు నచ్చి సోవియట్ దేశంలో విడుదలైంది. నిమాయ్ ఘోష్ తర్వాత మద్రాసు చేరి, ఛాయాగ్రాహకుడిగా పనిచేస్తూ సినీ కార్మికుల సంఘాలు కట్టాడు. తెలుగు సినిమా కూడా ఆ మద్రాసులోనే పెరిగింది. ప్రజానాట్యమండలి వాళ్లు మన తెరకు రైతును, కూలీని తెచ్చారు. కథ వచ్చింది, పాట వచ్చింది. ఆ కత్తెర మాత్రం రాలేదన్నది నా అభిప్రాయం. మన అభ్యుదయ సినిమా మాటనే నమ్ముకుంది, రెండు షాట్ల నడుమ ఉన్న ఖాళీని నమ్మలేదు.

ఇవాళ ఫోన్లో పదిహేను సెకన్ల వీడియోలో పదిహేను కోతలుంటాయి. వాటి మూలాలు వెతికితే మాస్కోలో చలికి వణికిన ఆ కుర్రాళ్ల దగ్గరికే చేరతాం. ‘పొటెంకిన్’ను చిత్రీకరించిన ఒడెస్సా, వెర్తోవ్ తమ్ముడు కెమెరాతో తిరిగిన ఖార్కివ్, కీవ్ 2022 నుంచి రష్యా బాంబుల కింద ఉన్నాయి. ఒడెస్సా చారిత్రక కేంద్రాన్ని యునెస్కో 2023 జనవరిలో ప్రపంచ వారసత్వ జాబితాలో, ప్రమాదంలో ఉన్నదిగా చేర్చింది.

‘పొటెంకిన్’ నిడివి గంటంపావు. మూకీ కాబట్టి భాష అడ్డం రాదు. ఈ ఆదివారం ఇంట్లో కాలేజీ పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని చూడండి. మెట్ల ఘట్టం దగ్గర శబ్దం ఆపేసి, కోత పడ్డ ప్రతిసారీ బల్ల మీద వేలు తట్టమనండి.